సతికీ సహగమనానికీ మధ్య ఒక లింకు

కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలో, నంబులపూలకుంట మండలం గూటిబయలు దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. నాలుగున్నర ఎకరాలకు పైగా నీడ పరిచిన ఆ మాను 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 1434లో తిమ్మమ్మ తన భర్త చితిలో ప్రాణం విడిచిందనీ, చితి చుట్టూ పాతిన గుంజల్లో ఒకటి చిగిర్చి ఈ మాను అయిందనీ అక్కడివాళ్లు చెప్తారు. పిల్లలు లేనివాళ్లు ఆమె గుడికొచ్చి మొక్కుకుంటారు.

కదిరి ప్రాంతపు ఆడవాళ్ల చరిత్రను తెలుగు, ఉర్దూ, లంబాడీ, ఇంగ్లీషు భాషల్లో చెప్పే వెబ్‌సైట్ ఒకటి మనం కట్టాలనుకుందాం. తిమ్మమ్మ పేజీ లేకుండా అది మొదలు కాదు. కానీ ఆ పేజీకి నాలుగు భాషల్లో ఏం పేరు పెట్టాలి? సాంకేతిక నిపుణులకు వదిలేయదగ్గ చిన్న విషయంగా కనిపించే ఈ ప్రశ్న దగ్గరే చరిత్ర అడ్డు తగులుతుంది.

తెలుగులో సతి అంటే భార్య. సతీపతులు అంటాం. భర్తతోపాటు చితి ఎక్కడాన్ని సహగమనం అన్నాం. వలస పాలకుల ఇంగ్లీషు మాత్రం స్త్రీని సూచించే మాటను తీసుకుని ఆ చర్యకే పేరుగా పెట్టింది. ఇంగ్లీషు మాటలో మనిషి మాయమై మంట మిగిలింది. మన మాటలో మంట మాయమై ప్రయాణం మిగిలింది. ఎవరి ఇష్టంతో ఆ ప్రయాణం అని అడగడానికి 'సహగమనం'లో చోటే లేదు. 1829లో బెంగాల్‌లో, 1830లో మద్రాసు రాజధానిలో సహగమనాన్ని నిషేధించారు. అప్పటి చర్చంతా శాస్త్రం గురించీ సంప్రదాయం గురించీ జరిగిందనీ, స్త్రీలు దానికి కేవలం వేదికగా మిగిలారనీ లతా మణి 1998 నాటి తన పుస్తకంలో చూపించారు. ఆ రెండు మాటల మధ్య ఇప్పుడు మనం ఒక లింకు వేస్తే, 'ఇవి రెండూ ఒకటే' అని సంతకం చేసినట్టు అవుతుంది.

బహుభాషా వెబ్‌సైట్లను ముఖ్యంగా రెండు పద్ధతుల్లో కడతారు. మొదటి పద్ధతిలో ఒక భాష మూలం, మిగతావి అనువాదాలు. మూలం సాధారణంగా ఇంగ్లీషే. విభాగాల పేర్లు, వాటి వరస, ఏది ముఖ్యమన్న నిర్ణయం అన్నీ అక్కడే జరిగిపోతాయి. తర్వాత వచ్చే భాషలు ఇదివరకే కట్టిన గదుల్లో సామాను సర్దుకోవాలి. రెండో పద్ధతి వికీపీడియాది. 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలై, ఆ ఏడాదే ఇతర భాషల్లోకి వెళ్లింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వచ్చింది. అక్కడ ఏ భాష ఇల్లు ఆ భాషదే. ఒక విషయం మీద ఉన్న వ్యాసాలను అంతర్వికీ లింకులు కలుపుతాయి. మొదట్లో ప్రతి వ్యాసంలోనూ ఆ లింకులను విడివిడిగా చేర్చేవారు. 2013లో అవి వికీడేటాకు మారాయి. అక్కడ ప్రతి విషయానికీ ఒక సంఖ్య ఉంటుంది, అన్ని భాషల పేర్లూ దానికి వేలాడతాయి. ఎంతో సులువైన ఏర్పాటే. అయితే విషయం అన్ని భాషల్లోనూ ఒకటేనన్న నమ్మకం మీద అది నిలబడింది.

అందుకే మన సైటులో మాను ఒక పేజీ, తిమ్మమ్మ ఒక పేజీ, సహగమనం ఒక పేజీ కావాలి. మూడింటినీ కలిపేస్తే మాను ముందుకొస్తుంది, మనిషి దానికింద కథగా మిగులుతుంది. ఇది ఊరికే చెప్పే మాట కాదు. 1987లో దేవరాలాలో రూప్‌కన్వర్ చితి మీద చనిపోయింది. ఆ తర్వాత సహగమనాన్ని కీర్తించడం కూడా నేరమని చట్టం వచ్చింది. మన పేజీ ఆ మరణాన్ని మహిమగా చేయకూడదు. ఊయల కట్టి మొక్కుకునే ఆడమనిషిని తెలివితక్కువదిగానూ చూపకూడదు. ఆమె నమ్మకానికీ ఆ చితి చరిత్రకూ వేర్వేరు చోట్లు ఇవ్వడం నిర్మాణం చేయగల పని.

ఇక లిపుల సంగతి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మాటలు మార్చి ఊరుకుంటే చాలదు, పేజీ అమరికనే తిప్పాలి. పైగా కదిరి ముస్లిం ఇళ్లలో వినిపించేది దక్కనీ, పాఠ్యపుస్తకాల ఉర్దూ కాదు. లంబాడీకి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగు లిపిలో, సరిహద్దు దాటితే కన్నడంలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. పేజీ ఏ భాషలో ఉందో తెలిపే గుర్తులో భాషనూ లిపినీ వేర్వేరుగా చెప్పవచ్చు కాబట్టి, 'తెలుగు లిపిలో లంబాడీ' అని రాయడానికి వీలుంది. తెలుగు మాత్రం ఏం సుఖపడింది? 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికినా, 2000ల దాకా చాలా తెలుగు పత్రికలు ఎవరి ఫాంటు వారే వాడుకున్నాయి. వెతికితే దొరకని అక్షరాల్లో ఎందరో స్త్రీల రచనలు చిక్కుకుపోయాయి.

చదవడం రాని తండా అవ్వకు ఏ లిపీ పనికిరాదు. ఆమె గొంతే మూలం కావాలి, రాత దానికి అనువాదం కావాలి. ఇది మనకు కొత్త కాదు. స్త్రీశక్తి సంఘటన తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటలను ముందు విన్నది. 'మనకు తెలియని మన చరిత్ర'గా 1986లో తెలుగులో తెచ్చింది. ఇంగ్లీషు పుస్తకం 1989లో వచ్చింది. ఆ వరసే మన సైటుకీ పునాది కావాలి. ప్రతి పేజీలోనూ 'మొదట చెప్పిన భాష', 'చెప్పిన వ్యక్తి', 'అనువదించిన వ్యక్తి' అన్న గడులుండాలి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ సంగతే రాయాలి. ఒక భాషలో పేజీ లేకపోతే యంత్రానువాదంతో కప్పిపుచ్చకుండా, లేదనే చెప్పాలి.

తిమ్మమ్మ పేజీలో 'ఆమె మాట' అన్న గడి నాలుగు భాషల్లోనూ ఖాళీయే. అందం కోసం ఆ గడిని తీసేద్దామని ఎవరైనా అంటారు. తీయకూడదు.