కథ విని బొమ్మ కట్టిన తరగతులు

ఉపాధ్యాయురాలు ఒక కథ చెప్పి, దానిని రంగులతోనో బంకమట్టితోనో కత్తిరించిన కాగితంతోనో రూపు కట్టించమని పిల్లలను అడగడం ప్రాథమిక పాఠశాలల్లో నేడు ఎంత మామూలైందంటే, అది ఎప్పటినుంచో ఉన్న ఆచారమేనని అనుకోవడం సహజం. ఐరోపాలో ఈ పద్ధతి బడిలోకి అడుగుపెట్టింది 19వ శతాబ్ది చివర. అదైనా దానికి పూర్తిగా విరుద్ధమైన మరొక పద్ధతితో పెనుగులాడిన తరువాతే.

ఆ పాత పద్ధతి పరిశ్రమల అవసరం నుంచి పుట్టింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో బ్రిటిష్ సరుకుల అలంకరణ ఇతర దేశాలకు సాటి రాలేదన్న ఆందోళన ప్రబలగా, మరుసటి ఏడాది హెన్రీ కోల్ నాయకత్వాన ఏర్పడిన ప్రభుత్వ శాఖ చిత్రలేఖన బోధనను చేతబట్టింది. రిచర్డ్ రెడ్‌గ్రేవ్ రూపొందించిన పాఠ్యక్రమంలో 23 దశలుండేవి. విద్యార్థి అచ్చు ప్రతిని చూసి గీతను, ఆ తరువాత ఆకుల అలంకరణలను, పోతపోసిన నమూనాలను తప్పు లేకుండా దించుతూ మెట్టు మెట్టుగా పైకి పోవాలి. సౌత్ కెన్సింగ్టన్ పద్ధతిగా పేరుపడిన ఈ ఏర్పాటు సామ్రాజ్యంతో పాటు భారతదేశానికీ వచ్చింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో ప్రారంభించిన కళాపాఠశాల దాని ప్రభావం కిందికి రాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇప్పటికీ జరిగే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షల పేర్లలోనే ఆ మెట్ల వరుస ఛాయ కనిపిస్తుంది. గీత మీద పట్టు సంపాదించడానికి ఈ అభ్యాసం పనికివచ్చిన మాట నిజమే గాని, ఏడేళ్ల పిల్లవాడు సొంతంగా ఏమి చూశాడన్న ప్రశ్నకు అందులో చోటు లేదు.

ఆ ప్రశ్నకు చోటిచ్చిన వారిలో ప్రముఖుడు వియన్నాలోని ఫ్రాంజ్ చిజెక్. 1897లో ఆయన ప్రారంభించిన బాలల కళాతరగతి కొన్నేళ్లకు ఆ నగరపు హస్తకళా విద్యాలయంలో భాగమైంది. రంగులు వేయడంతో ఆగకుండా కాగితం కత్తిరించి అతకడం, బట్ట మీద కుట్టుపని, మట్టిపని, చెక్కడం అక్కడ సాగేవి. లినోలియం చెక్కి ముద్రలు తీయడాన్ని పిల్లల చేతికిచ్చిన తొలి గురువులలో ఆయనొకరు. లినోలియం అంటే అవిసె నూనెను చిక్కబరచి, బెండు పొడి కలిపి, జనపనార గుడ్డ మీద పరచి తయారుచేసే నేల పరుపు. చెక్కకున్నట్టు దీనికి నార ఉండదు గనుక చిన్న చేతుల ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. తొలిచిన చోటు తెల్లగా, మిగిల్చిన చోటు నల్లగా పడుతుందనీ, కుడి ఎడమవుతుందనీ పిల్లవాడు ముందే ఊహించుకోవలసి రావడం వల్ల కథలోని ఏ వస్తువును ఉంచాలో, దేనిని వదలాలో తేల్చుకోక తప్పదు.

తాను ఏమీ నేర్పడం లేదని, పిల్లలను ఎదగనిస్తున్నానని చిజెక్ చెప్పుకొనేవాడు. 1920లో బాలల సహాయ నిధి కోసం లండన్‌లో ప్రదర్శించిన ఆ పిల్లల బొమ్మలు బ్రిటన్‌లో విశేషమైన ఆదరణ పొందాయి. అయితే వాటిలో కనిపించే ముదురు అంచులు, పుట నిండా పరచుకొన్న పూలు నాటి వియన్నా అలంకరణ శైలికి ఎంత దగ్గరివో గమనించినవారికి, గురువు అభిరుచి పిల్లల చేతిలోకి ప్రవహించలేదని నమ్మడం కష్టం. బోధన జరిగింది, దానిని ఒప్పుకోవడమే జరగలేదు.

ఈ విషయంలో మరింత నిజాయతీ చూపినది ఇంగ్లండ్‌లోని మేరియన్ రిచర్డ్‌సన్. ఆమె బర్మింగ్‌హామ్ కళాపాఠశాలలో రాబర్ట్ కాటర్సన్-స్మిత్ శిష్యురాలు. మ్యాజిక్ లాంతరు వెలుగులో ఒక బొమ్మను కొద్దిసేపు చూపి, దానిని తీసివేసి, విద్యార్థులచేత కళ్లు మూసుకొని గీయించడం ఆయన పద్ధతి. 1912లో డడ్లీ పట్టణపు బాలికల ఉన్నత పాఠశాలలో చేరిన రిచర్డ్‌సన్, ఆ బొమ్మనూ తొలగించి దాని స్థానంలో మాటను నిలిపింది. పిల్లలు కళ్లు మూసుకొని కూర్చోగా ఆమె ఒక దృశ్యాన్ని వర్ణించేది. వెలుగు ఎటునుంచి పడుతోంది, ఏది దగ్గర, ఏది దూరం, ఏ రంగు పక్కన ఏ రంగు అన్నవి ఆ మాటల్లోనే అందేవి. వర్ణన ముగిశాక పిల్లలు మనసులో నిలిచినదానిని చిత్రించాలి. దాని మంచిచెడ్డలను పక్కవారి బొమ్మతో కాక తాము లోపల చూసిన దృశ్యంతోనే సరిచూసుకోవాలి.

1919లో ద్యాగిలెవ్ రష్యన్ బాలే బృందం లండన్‌లో ప్రదర్శించిన ‘లా బుటీక్ ఫాంటాస్క్’ ఈ పద్ధతి బలాన్ని చక్కగా చూపుతుంది. బాలే అంటే సంభాషణలు లేకుండా నాట్యంతో కథ నడిపే ప్రదర్శన. దీని ఇతివృత్తం ఒక బొమ్మల దుకాణం: పరస్పరం ప్రేమించుకొన్న రెండు నాట్యపు బొమ్మలను వేరువేరు కుటుంబాలు కొనగా, రాత్రివేళ బొమ్మలన్నీ ప్రాణం పోసుకొని ఆ ఎడబాటును అడ్డుకొంటాయి. రంగాలంకరణ ఆంద్రే దెరేన్‌ది. రిచర్డ్‌సన్ ఆ ప్రదర్శనను చూసివచ్చి తన తరగతికి వర్ణించగా, దానిని కంటితో చూడని బాలికలు ఆ దుకాణాన్ని, నర్తకులను చిత్రాలుగా వేశారు. కదలని బొమ్మకూ కదులుతున్న బొమ్మకూ తేడాను నిశ్చలమైన కాగితం మీద ఎలా చూపాలన్నది వారే తేల్చుకోవలసిన చిక్కు. అచ్చు ప్రతులను దించే పాఠంలో అటువంటి చిక్కు ఎదురయ్యే అవకాశమే లేదు.

ఈ పనికి తొలి గుర్తింపు అంతకు రెండేళ్ల ముందే లభించింది. 1917లో విమర్శకుడు రోజర్ ఫ్రై తన ఒమెగా కార్యశాలలో పిల్లల చిత్రాల ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు, రిచర్డ్‌సన్ తీసుకువెళ్లిన డడ్లీ చిత్రాలు చూసి ఆశ్చర్యపడి వాటినీ అందులో చేర్చాడు. 1930లో ఆమె లండన్ కౌంటీ కౌన్సిల్ పాఠశాలలకు కళావిభాగపు ఇన్‌స్పెక్టరు కావడంతో, ఒక చిన్న పట్టణంలో పుట్టిన పద్ధతి మహానగరపు సామాన్య కుటుంబాల పిల్లలకు, వారిలో పసితరగతుల వారికి సైతం అందింది. 1938లో కౌంటీ హాలులో జరిగిన ఆ పిల్లల చిత్ర ప్రదర్శనను నేషనల్ గ్యాలరీ డైరెక్టరు కెన్నెత్ క్లార్క్ ప్రారంభించాడు. అదే ఏడాది ఆస్ట్రియాను నాజీ జర్మనీ ఆక్రమించింది. వియన్నాలో చిజెక్ తరగతి కాలం అంతటితో తీరిపోయింది.

రిచర్డ్‌సన్ 1946లో మరణించింది. ఆమె అనుభవ గ్రంథం ‘ఆర్ట్ అండ్ ది చైల్డ్’ 1948లో వెలువడింది. యుద్ధానంతర పాఠశాలలు పెద్ద కుంచెలను, పొడి రంగులను, పిల్లల స్వేచ్ఛ అన్న మాటను తేలికగానే అందిపుచ్చుకొన్నాయి. కథను కంటికి కట్టేలా చెప్పే కఠినమైన విద్య మాత్రం, అది గురువు నుంచి ఎంతో సాధన కోరేది గనుక, అంత తేలికగా వ్యాపించలేదు. ఆమె శిష్యుల చిత్రాలు, ఆమె ఉపన్యాసాల ప్రతులు నేడు బర్మింగ్‌హామ్ సిటీ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. చిత్రాలను మాత్రమే చూసి వెనుదిరిగే పరిశోధకునికి ఆ తరగతిలో సగమే కనిపిస్తుంది.