చమ్ 1050

కెనడాలోని టొరంటోలో 1050 కిలోహెర్ట్జ్ మీద నడిచిన ఏఎం రేడియో కేంద్రం. 1945 అక్టోబరు 28న మొదలైంది. అప్పటి శక్తి 1,000 వాట్లే. అదీ పొద్దు పొడిచింది మొదలు పొద్దుగుంకే దాకా. ఎందుకంటే చీకటిపడ్డాక ఏఎం కేంద్రాల మీడియం వేవ్ తరంగాలు అయనోస్ఫియర్‌ను తాకి వెనక్కి మళ్లి వందల మైళ్లు పోతాయి, అదే పౌనఃపున్యంలో ఉన్న దూరపు కేంద్రాలకు అడ్డుతగులుతాయి. రాత్రిళ్లు మన రేడియోల్లో ఊరూపేరూ తెలియని గొంతులు పలికేది ఇందుకే.

1954లో అలన్ వాటర్స్ దీన్ని కొన్నాడు. 1957 మే 27 నుంచి రాత్రింబవళ్లూ హిట్ పాటలే. ఆ రోజే ‘చమ్ చార్ట్’ పుట్టింది. వారంవారం రికార్డుల దుకాణాల్లో ఉచితంగా పంచిన ఆ పాటల పట్టిక కోసం కుర్రకారు ఎదురుచూసేవారు. మొదటి పట్టికలో అగ్రస్థానం ఎల్విస్ ప్రెస్లీ ‘ఆల్ షుక్ అప్’ది. ఆ పట్టిక 1986 దాకా సాగింది. యాంగ్ వీధిలో 1331 నంబరున్న చమ్ భవనం, దాని నియాన్ బోర్డు నగరానికి ఆనవాళ్లయ్యాయి.

స్టీరియో ఎఫ్ఎం వచ్చాక పాటల శ్రోతలు అటు మళ్లారు. 1989లో చమ్ పూర్తిగా పాతపాటల కేంద్రమైంది. ఒకప్పుడు కొత్తవిగా తానే పరిచయం చేసిన పాటలను జ్ఞాపకాలుగా వినిపించడం విచిత్రమే! 2001 మేలో వాటిని ఆపి క్రీడాచర్చలు పెట్టారు. శ్రోతలు ఆదరించలేదు, మరుసటి ఏడాదే పాతపాటలు తిరిగొచ్చాయి. 2009 మార్చిలో మళ్లీ ఆగాయి. ఒక వార్తా టీవీ చానల్ ధ్వనిని కొన్నాళ్లు ప్రసారం చేసి, 2011 ఏప్రిల్‌లో టీఎస్ఎన్ రేడియో పేరుతో క్రీడలకే స్థిరపడింది.