వేళాకోళపు కొలతలు



మన సరిహద్దు ఊళ్ల సంతల్లో ఒకప్పుడు గింజలు కొనాలంటే ముందు "ఏ కొలత?" అని అడగాల్సి వచ్చేది. తమిళులు పడి అనేవారు, కన్నడిగులు సేరు అనేవారు, మనవాళ్లు మానిక అనేవారు. పేరు ఒకటే అయినా ఊరు మారితే పాత్ర మారేది. నష్టపోయేది లెక్క రాని రైతే. అందుకే 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూనికలు అంచెలంచెలుగా అమలయ్యాయి.

చిత్రమేమిటంటే, ఆ అక్టోబరులోనే అమెరికాలో కొందరు కాలేజీ కుర్రాళ్లు వేళాకోళానికి ఒక కొలత పుట్టించారు. బోస్టన్ దగ్గర చార్లెస్ నది మీద హార్వర్డ్ వంతెన ఉంది. దాని పొడవు కొలవడానికి ఎం.ఐ.టి. విద్యార్థులు టేపు తేలేదు. తమ జట్టులో పొట్టివాడైన ఆలివర్ స్మూట్‌ను వంతెన మీద పడుకోబెట్టారు. తల దగ్గర గీత గీయడం, లేపడం, మళ్లీ పడుకోబెట్టడం! అతని ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. అదే ఒక 'స్మూట్'. వంతెన 364.4 స్మూట్లు, "ఒక చెవి అటూ ఇటూ" అని తేల్చారు. నవ్వులాటే అయినా, కొలతలో కొంత తేడా తప్పదని ఒప్పుకోవడం అసలైన శాస్త్ర పద్ధతి. ఆ గీతలకు తరవాతి విద్యార్థులు మళ్లీ మళ్లీ రంగు వేస్తూ వచ్చారు. ప్రమాదం ఎక్కడ జరిగిందో చెప్పడానికి పోలీసులూ వాటినే వాడుకున్నారు.

పెద్ద శాస్త్రజ్ఞులూ తక్కువ తినలేదు. 1942లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇద్దరు భౌతిక శాస్త్రజ్ఞులు అణుకేంద్రకాల కొలతకు 'బార్న్' అని పేరు పెట్టారు. బార్న్ అంటే అక్కడి రైతుల కొట్టం. చదరపు సెంటీమీటరును, 1 పక్కన 24 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఒక బార్న్. కంటికి ఆనని ఆ చోటు, దూసుకొచ్చే కణానికి మాత్రం కొట్టమంత గురి అని చమత్కారం. ఆ పేరు నేటికీ పుస్తకాల్లో ఉంది.

స్మూట్ కథకు కొసమెరుపు ఏమిటంటే, ఆయనే 2003, 2004 సంవత్సరాల్లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థకు అధ్యక్షుడయ్యారు!

కొలత ఎలా పుట్టిందన్నది కాదు, పదిమందీ ఒప్పుకున్నారా, అందరికీ ఒకే తీరుగా ఉందా అన్నదే ముఖ్యం. మనం మూర అన్నా, తమిళులు ముళం అన్నా, కన్నడిగులు మొళ అన్నా అది మనిషి చెయ్యే. పూలమ్మి చెయ్యి పొట్టిదైతే, ఎంత చట్టమున్నా, కొనేవాళ్లకు ఒక మల్లెమొగ్గ అటూ ఇటూ తప్పదు!