హోయ్ ఆన్ లాంతర్ల రాత్రి: పాత పండుగా, కొత్త పండుగా?

ఈ ఎపిసోడ్‌లో మనం వియత్నాం వెళ్తున్నాం. ఆ దేశం మధ్య భాగంలో, దనాంగ్ నగరానికి ఓ 30 కిలోమీటర్ల దూరంలో, థూ బోన్ నది ఒడ్డున హోయ్ ఆన్ అనే చిన్న ఊరుంది. అక్కడి లాంతర్ల పండుగ వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఇరుకు వీధులు, పసుపు రంగు గోడలు, ప్రతి గుమ్మం ముందూ రంగురంగుల పట్టు లాంతర్లు, నదిలో తేలుతూ పోయే కాగితపు దీపాలు. ఆ వీడియోల కింద దాదాపు ఎప్పుడూ ఒకే మాట రాసి ఉంటుంది: "వందల ఏళ్ల నాటి సంప్రదాయం" అని.

ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఆ మాట గురించే. ఎందుకంటే ఈ పండుగ ఇప్పుడున్న రూపంలో మొదలైంది 1998లో. అవునండీ, 1998. మరైతే ఇదంతా టూరిస్టుల కోసం అల్లిన నాటకమా? అది కూడా కాదు. అసలు కథ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. అది తెలుసుకుని వెళ్తే ఆ వీధుల్లో నడిచేటప్పుడు కనిపించేది వేరుగా ఉంటుంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. వియత్నామీయులు రాకముందు ఈ ప్రాంతమంతా చంపా రాజ్యంలో భాగం. చంపా రాజులు శివుణ్ణి కొలిచారు, సంస్కృతంలో శాసనాలు వేయించారు. హోయ్ ఆన్ నుంచి ఓ 40 కిలోమీటర్లు లోపలికి వెళ్తే మీ సన్ అనే లోయలో వాళ్ల ఇటుక గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నాలుగో శతాబ్దం చివర్లో భద్రవర్మ అనే రాజు అక్కడ భద్రేశ్వరుడి పేరుతో శివలింగాన్ని ప్రతిష్ఠించాడు. మనకు ఇంకా ఆసక్తి కలిగించే విషయం ఏమిటంటే, చంపాలో ఈ ప్రాంతానికి ఉన్న పేరు అమరావతి. అయితే వెంటనే మన కృష్ణా తీరం వాళ్లే వెళ్లి ఆ పేరు పెట్టారని చెప్పేయకూడదు. అమరావతి అంటే ఇంద్రుడి నగరం, ఎవరైనా పెట్టుకోగల పేరే. కానీ సముద్రం మీదుగా మన వైపు నుంచి మతం, లిపి, పేర్లు అంత దూరం వెళ్లాయన్నది మాత్రం నిజం.

1471లో వియత్నాం రాజు లే థాన్ తోంగ్ చంపాను ఓడించాక ఈ నేల చేతులు మారింది. ఆ తర్వాత 16వ శతాబ్దంలో న్గుయెన్ ప్రభువులు ఇక్కడ పాలన మొదలుపెట్టారు. వాళ్లకు ఉత్తరాన ఉన్న ప్రత్యర్థులతో పోరు ఉంది. డబ్బు కావాలి, ఆయుధాలు కావాలి. అందుకే రేవును విదేశీ వ్యాపారులకు తెరిచారు.

ఆ వ్యాపారులు ఇక్కడికే ఎందుకొచ్చారు? ఇందులో ఒక తమాషా ఉంది. చైనాలోని మింగ్ ప్రభుత్వం 1567లో సముద్ర వ్యాపారం మీద ఆంక్షలు సడలించింది గానీ, జపాన్‌తో నేరుగా వ్యాపారం మాత్రం ఒప్పుకోలేదు. జపాన్ వాళ్లకేమో చైనా పట్టు కావాలి, వాళ్ల దగ్గర వెండి బోలెడంత ఉంది. ఇద్దరూ ఒకరి దేశానికి ఒకరు వెళ్లలేరు కాబట్టి మూడో చోట కలుసుకోవాలి. ఆ మూడో చోట్లలో ముఖ్యమైనది హోయ్ ఆన్. అప్పట్లో యూరప్ వాళ్లు దీన్ని ఫైఫో అనేవారు. పట్టు, మిరియాలు, దాల్చినచెక్క, అగరు చెక్క... అన్నీ ఇక్కడ చేతులు మారేవి.

తెరచాప ఓడలు కదా, గాలిని బట్టే రావాలి, గాలిని బట్టే పోవాలి. చలికాలంలో ఈశాన్య గాలితో వచ్చినవాళ్లు, తిరిగి వెళ్లాలంటే ఎండాకాలంలో నైరుతి గాలి కోసం ఆగాల్సిందే. అంటే నెలల తరబడి ఇక్కడే మకాం. మకాం ఉంటే ఇల్లు కావాలి, గుడి కావాలి, పండుగ కావాలి. కొందరు ఇక్కడే పెళ్లిళ్లు చేసుకుని స్థిరపడిపోయారు. 1618 నుంచి కొన్నేళ్లు ఆ దేశంలో ఉన్న క్రిస్టొఫోరో బోరీ అనే ఇటాలియన్ మతగురువు, ఇది ఒక ఊరు కాదు రెండు ఊళ్లు అన్నట్టు రాశాడు. ఒకటి చైనా వాళ్లది, ఒకటి జపాన్ వాళ్లది. ఎవరి పెద్ద వాళ్లకు, ఎవరి చట్టం వాళ్లకు.

1635లో జపాన్ తలుపులు మూసేసింది. తమ ప్రజలు విదేశాలకు వెళ్లకూడదు, వెళ్లినవాళ్లు తిరిగి రాకూడదని ఆజ్ఞ. హోయ్ ఆన్‌లో ఉన్న జపాన్ వాళ్లకు ఇక ఇల్లంటే ఇదే. ఊరి బయట పొలాల మధ్య తాని యాజిరోబే అనే జపాన్ వ్యాపారి సమాధి ఉంది, 1647 నాటిది. ఇక్కడి అమ్మాయి మీద ప్రేమతో తిరిగొచ్చేశాడని ఊళ్లో కథ చెప్పుకుంటారు. మెల్లగా జపాన్ పేట కరిగిపోయింది. మిగిలింది ఒక వంతెన. పైకప్పుతో, మధ్యలో చిన్న గుడితో ఉండే ఆ వంతెనకు 1719లో ఇక్కడికొచ్చిన ప్రభువు న్గుయెన్ ఫుక్ చూ ఒక పేరు పెట్టాడు. "దూరం నుంచి వచ్చినవారి వంతెన" అని దాని భావం. వియత్నాం 20,000 డాంగ్‌ల నోటు మీద ఉన్నది ఈ వంతెనే.

చైనాలో 1644లో మింగ్ వంశం పడిపోయాక అక్కడి నుంచి ఇంకా చాలామంది వచ్చి చేరారు. ఒక్కో ప్రాంతం వాళ్లు ఒక్కో సంఘ భవనం కట్టుకున్నారు. ఫుజియాన్ వాళ్ల భవనంలో సముద్రంలో కాపాడే అమ్మవారు థియెన్ హౌ ఉంటుంది. గుమ్మానికి లాంతరు కట్టే అలవాటు జపాన్ వాళ్లు తెచ్చారని కొందరు, చైనా వాళ్లు తెచ్చారని కొందరు అంటారు. ఎవరు తెచ్చినా, అది దూరం నుంచి వచ్చినవాళ్లు తమతో తెచ్చుకున్న వెలుగు.

ఇక పౌర్ణమి. వియత్నాం ఇళ్లలో చాంద్రమాన నెల 1వ రోజు, 15వ రోజు పూర్వీకుల పీఠం ముందు అగరుబత్తి వెలిగించి పళ్లు, పూలు పెడతారు. చాలామంది ఆ రోజు మాంసం ముట్టరు. ఏడో నెల పౌర్ణమి దిక్కులేని ఆత్మలకు. ఎనిమిదో నెల పౌర్ణమి పిల్లల పండుగ, చేతిలో నక్షత్రం ఆకారపు లాంతరు పట్టుకుని తిరుగుతారు. కార్తీక పౌర్ణమికి అరటి దొప్పల్లో దీపాలు వదిలే మనకు ఇదేమీ వింతగా అనిపించదు. అంటే పౌర్ణమి పాతదే, లాంతరు పాతదే, పూజ పాతదే. లేనిది ఒక్కటే: ఊరంతా కలిసి ప్రతి నెలా చేసుకునే "లాంతర్ల రాత్రి".

అది ఎలా పుట్టింది? హోయ్ ఆన్ అదృష్టం తిరగబడటం వల్ల. నది ఇసుక మేటలు వేసింది, పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. 1888లో దనాంగ్ ఫ్రెంచివాళ్ల చేతికి పోయి పెద్ద రేవుగా ఎదిగింది. హోయ్ ఆన్‌ను అందరూ మర్చిపోయారు. కొత్త మేడలు కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేదు కాబట్టి పాత ఇళ్లు అలాగే మిగిలాయి. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ, ఆ ఊరిని కాపాడింది పేదరికమే! మీ సన్‌ గుళ్ల మీద 1969లో అమెరికా బాంబులు పడ్డాయి. హోయ్ ఆన్ పాతపేట మాత్రం యుద్ధంలో పెద్దగా దెబ్బతినకుండా బయటపడింది.

1980ల్లో కజిమీర్జ్ క్వియాట్కోవ్‌స్కీ అనే పోలండ్ ఆర్కిటెక్ట్ మీ సన్ గుళ్ల మరమ్మతుకు వచ్చి, ఈ ఊరినీ చూశాడు. ఈ ఇళ్లను కూల్చకూడదు, కాపాడుకోవాలని పట్టుబట్టినవాళ్లలో ఆయన ఒకడు. 1997లో వియత్నాంలోనే చనిపోయాడు. ఇవాళ పాతపేటలో ఆయన విగ్రహం ఉంది. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1998లో, ఊరి వాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. ప్రతి చాంద్రమాన నెల 14వ రాత్రి కరెంటు దీపాలు తగ్గించి, బండ్లు ఆపేసి, లాంతర్లు వెలిగించాలని. 1999 డిసెంబర్‌లో యునెస్కో హోయ్ ఆన్‌నూ, మీ సన్‌నూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కాబట్టి ఇది పాత సామాను పోగేసి కట్టిన కొత్త ఇల్లు. అందులో తప్పు లేదండీ. ఏ పండుగనైనా ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు మొదలుపెట్టినదే. కానీ దీనికి ఖరీదు కూడా ఉంది. పండుగ వల్ల డబ్బు వచ్చింది, వెదురును ఉప్పునీళ్లలో నానబెట్టి లాంతర్లు కట్టేవాళ్లకు పని దొరికింది. అదే సమయంలో చాలా ఇళ్లు అంగళ్లయిపోయాయి. అప్పట్లో పేదరికం కాపాడిన ఊరు, ఇప్పుడు సంపదను తట్టుకోవాలి. పైగా వరదలు. టాన్ కీ అనే పాత ఇంట్లో గోడ మీద ఏ ఏడాది నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీతలు గీసి పెట్టారు. నీళ్లు రాగానే సరుకు మేడ మీదికి లాగడానికి కొన్ని ఇళ్లలో పైఅంతస్తు నేలలో తలుపు ఉంటుంది. అక్కడ నది అందమే కాదు, భయం కూడా.

ఇంకో విషయం. 2025 జూలైలో హోయ్ ఆన్ పాలనాపరంగా దనాంగ్‌లో కలిసిపోయింది. ఒకప్పుడు దాని వ్యాపారం లాక్కున్న ఊరే ఇప్పుడు దాని బాధ్యత చూసుకోవాలి.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక చిట్కా. తేదీ కోసం మన పంచాంగం చూసినా సరిపోతుంది. వాళ్ల నెల కూడా మనలాగే అమావాస్య దగ్గరే మొదలవుతుంది. 14వ రాత్రి అంటే సుమారుగా మన శుక్ల చతుర్దశి. ఒక రోజు అటూ ఇటూ కావచ్చు, కాబట్టి టికెట్ కొనేముందు అక్కడి క్యాలెండర్‌తో సరిపోల్చుకోండి. పెద్ద పండుగలకు వెళ్లాలంటే, వాళ్ల మొదటి నెల పౌర్ణమి తరచుగా మన మాఘ పౌర్ణమికి, ఎనిమిదో నెలది భాద్రపద పౌర్ణమికి దగ్గరగా వస్తాయి. అధికమాసం లెక్క వేరు కాబట్టి కొన్నేళ్లు నెల తేడా వస్తుంది. వర్షాలు, వరదలు ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లలో.

సాయంత్రం నది దగ్గర జనం తోసుకుంటూ ఉంటారు. ఫోటో తీసుకోండి, పడవ ఎక్కండి. కానీ ఓ అరగంట వెనక వీధుల్లోకి కూడా నడవండి. ఏదో ఒక ఇంటి ముందు చిన్న బల్ల మీద పళ్లు, పూలు, అగరుబత్తి కనిపిస్తాయి. అది మన కోసం పెట్టింది కాదు, వాళ్ల పెద్దల కోసం. అక్కడ ఫ్లాష్ కొట్టకుండా, పక్కకు తప్పుకుని వెళ్లిపోండి. 1998 కంటే ముందు నుంచీ ఉన్న పండుగ అదే.