డిగ్రీ ఫిజిక్సు – మన తెలుగు

కనిగిరిలో, మన బడిలో తెలుగులో చదివి డిగ్రీలో చేరిన నాకు, ఇంగ్లీషులో చెప్పే ఫిజిక్సు ఒక్క ముక్క తలకెక్కలేదు. బట్టీపట్టి గట్టెక్కాను.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ, పి.వి. నరసింహారావు గారు వ్యవస్థాపక అధ్యక్షులుగా, కళాశాల పాఠ్యపుస్తకాలను తెలుగులోకి తెచ్చింది. వ్యతికరణం, వివర్తనం వంటి మాటలు మొదట కొరుకుడు పడలేదు. చుట్టూ ఉన్న వాక్యాలు మాత్రం మనవే కాబట్టి విషయం అందింది.

అధ్యాపకుణ్ణయ్యాక తెలిసింది, భాష సగమేనని. పాత రికార్డు చూసి రాసే ప్రాక్టికల్స్‌తో మిగతా సగం పోతోంది. అందుకే ముందు లోలకం ఊపించి, 20 డోలనాలకు పట్టే కాలం కొలిపించేవాణ్ణి. గురుత్వ త్వరణం 9.8కి దగ్గరగా రాకపోతే ఎందుకో చెప్పమనేవాణ్ణి. సూత్రం ఆ తర్వాతే. ఈ పద్ధతి మన సైన్సు మాస్టారి దగ్గర నేర్చిందే.

స్వర్ణోత్సవ వేళ మిత్రులకు ఒక్క మనవి: మన బడి ప్రయోగశాల తాళం రోజూ తీయిద్దాం.