తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ కార్పొరేషన్లు: సంఖ్య, పాలకమండళ్లు, ఖర్చు

ప్రభుత్వ శాఖల్లో భాగం కాకుండా, ప్రభుత్వ పెట్టుబడితో, ప్రభుత్వం నియమించిన పాలకమండలి కింద నడిచే సంస్థలను వాడుకలో కార్పొరేషన్లు అంటారు. చట్టం దృష్టిలో ఇవన్నీ ఒకే రకం కావు. ఆర్టీసీ రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద ఏర్పడింది. విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కో, మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ కంపెనీలుగా నమోదయ్యాయి. షెడ్యూల్డ్ కులాల ఆర్థిక సంస్థ వంటివి సహకార సంఘాలు. ఇవి కాక సొసైటీలు, అథారిటీలు, అకాడమీలు ఉన్నాయి. మొత్తం ఎన్ని అంటే ఒక్క అంకెతో జవాబు చెప్పలేకపోవడానికి ఇదే కారణం. ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ ప్రభుత్వ రంగ నివేదికలు ప్రధానంగా కంపెనీలనూ చట్టబద్ధ కార్పొరేషన్లనూ లెక్కిస్తాయి. పదవుల పంపకంలో లెక్కకు వచ్చేవి అంతకంటే చాలా ఎక్కువ.

ఈ సంస్థల మూలాలు హైదరాబాద్ సంస్థానంలో ఉన్నాయి. నిజాం ప్రభుత్వం 1929లో పారిశ్రామిక నిధిని నెలకొల్పి, దాని ద్వారా కర్మాగారాల్లో వాటాలు కొన్నది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. బోధన్ చక్కెర కర్మాగారాన్ని నడిపిన నిజాం షుగర్స్ 1937లో ఏర్పడింది. 1945లో సింగరేణి బొగ్గు కంపెనీలో అధిక వాటా సంస్థానం చేతికి వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో ఇలాంటి వారసత్వం తక్కువ. అక్కడ 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ తొలితరం సంస్థల్లో ముఖ్యమైనది. అడవి ఉత్పత్తులకు గిట్టుబాటు ధర ఇచ్చి గిరిజనులను దళారుల బారినుంచి కాపాడటం దాని పని.

ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత 1958 జనవరి 11న ఆర్టీసీ, 1959 ఏప్రిల్‌లో విద్యుత్ బోర్డు ఏర్పడ్డాయి. శాఖ ఉండగా విడిగా సంస్థ ఎందుకన్న ప్రశ్నకు ఆనాటి జవాబు సూటిగా ఉండేది. శాఖ ప్రతి ఖర్చుకూ ట్రెజరీ నిబంధనలకు లోబడాలి, మిగిలిన సొమ్ము మార్చి 31తో మురిగిపోతుంది. సంస్థకైతే సొంత ఖాతా, లాభనష్టాల పట్టిక, బ్యాంకు నుంచి అప్పు తెచ్చుకునే వీలు ఉంటాయి. బస్సు నడపడానికీ కరెంటు అమ్మడానికీ ఆ స్వేచ్ఛ నిజంగానే అవసరం. ఊరూరికీ బస్సును, పొలానికి కరెంటును తీసుకెళ్లింది ఈ రెండు సంస్థలే.

1960లలో మొదలైన విస్తరణ 1970లలో వేగం పుంజుకుంది. ఖనిజాభివృద్ధి సంస్థ 1961లో, ఆగ్రో ఇండస్ట్రీస్ 1968లో వచ్చాయి. ఏపీఐఐసీ 1973లో, ఎస్సీ, బీసీ ఆర్థిక సంస్థలు, పౌరసరఫరాల సంస్థ 1974లో, అటవీ అభివృద్ధి సంస్థ 1975లో, విత్తనాభివృద్ధి సంస్థ 1976లో, గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడ్డాయి. మద్యం టోకు వ్యాపారం చేసే బెవరేజెస్ కార్పొరేషన్ 1986 నాటిది. వీటిలో వ్యాపారం చేసేవి కొన్నే. మిగిలినవి ప్రభుత్వం ఇచ్చిన సబ్సిడీని లబ్ధిదారులకు చేర్చే కార్యాలయాలు. ఒకదానిలో నష్టం అసమర్థతకు గుర్తు కావచ్చు, రెండోదానికి లాభనష్టాల ప్రశ్నే లేదు. రెంటినీ ఒకే గాటన కట్టడంతో రెండు వైపుల వాదనలూ దారి తప్పుతూ వచ్చాయి.

1990ల చివర ప్రపంచబ్యాంకు రుణంతో సంస్కరణలు మొదలైనప్పుడు నష్టాల్లో ఉన్న సంస్థల మూసివేత, అమ్మకం, స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చాయి. నిజాం షుగర్స్‌లో అధిక వాటాను 2002లో ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. ఆ తరువాత నడిచిన కర్మాగారాలు 2015 డిసెంబరులో మూతపడ్డాయి. చెరకు రైతులూ కార్మికులూ దానికి పెద్ద మూల్యమే చెల్లించారు. విద్యుత్ రంగంలో మాత్రం సంస్కరణ సంస్థల సంఖ్యను పెంచింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో ట్రాన్స్‌కో నుంచి నాలుగు పంపిణీ సంస్థలు పుట్టాయి. ఒక బోర్డు స్థానంలో ఆరు కంపెనీలు, ఆరు పాలకమండళ్లు వచ్చాయి. ధరలు నిర్ణయించడానికి నియంత్రణ మండలి అదనం. రాష్ట్ర విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మూడో పంపిణీ సంస్థ కూడా పని మొదలుపెట్టింది.

2014 విభజన ఈ సంస్థల విస్తృతిని తొలిసారిగా ఒకచోట కాగితం మీదికి తెచ్చింది. పునర్విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులో కంపెనీలు, కార్పొరేషన్లు మొదట 89, తరువాతి చేర్పులతో 91 ఉన్నాయి. పదో షెడ్యూలులోని శిక్షణ సంస్థలు, అకాడమీల వంటివి 107 నుంచి 142కి పెరిగాయి. పంపకంపై ఏర్పాటైన షీలా భిడే కమిటీ 91లో 90 సంస్థల పంపకానికి సిఫారసులు చేసింది. ప్రధాన కార్యాలయ ఆస్తులంటే ఏవి అన్న దగ్గర రెండు రాష్ట్రాల మధ్య పీటముడి పడింది. ఏ షెడ్యూలులోనూ లేని 12 సంస్థలను కూడా కలిపి మొత్తం 245 సంస్థల స్థిరాస్తుల విలువ రూ.1,42,601 కోట్లనీ, అందులో 91 శాతం హైదరాబాద్‌లోనే ఉందనీ ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌లో పేర్కొంది. పంపకం తేలకపోవడం వల్ల ఎక్కువగా నష్టపోయింది ఆ సంస్థల ఉద్యోగులు, పింఛనుదారులు.

పాలకమండలిలో సాధారణంగా చైర్మన్, ఐఏఎస్ అధికారి అయిన మేనేజింగ్ డైరెక్టర్, ఆర్థిక శాఖ ప్రతినిధి, కొందరు అనధికార డైరెక్టర్లు ఉంటారు. ఫైళ్ల మీద అధికారం ఎక్కువగా మేనేజింగ్ డైరెక్టర్‌దే. చైర్మన్‌కు గౌరవ వేతనం, కారు, కార్యాలయం, సిబ్బంది ఉంటాయి. కొందరికి క్యాబినెట్ హోదా కూడా ఇస్తారు. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ మంత్రుల సంఖ్యను శాసనసభ బలంలో 15 శాతానికి పరిమితం చేసింది. ఆ లెక్కన 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి, 119 స్థానాల తెలంగాణలో 18 మందికి మించి చోటు లేదు. మంత్రి పదవి దక్కనివారిని, టికెట్ త్యాగం చేసినవారిని సంతృప్తిపరచడానికి నామినేటెడ్ పదవులు మార్గమయ్యాయి. ప్రభుత్వం మారగానే పాత చైర్మన్లు రాజీనామా చేయడం ఆనవాయితీ.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో వెనుకబడిన కులాలకు 56 కార్పొరేషన్లు ప్రకటించింది. ఒక్కొక్కదానికి ఒక చైర్‌పర్సన్, 12 మంది డైరెక్టర్ల చొప్పున 56 మంది చైర్‌పర్సన్లు, 672 మంది డైరెక్టర్లు నియమితులయ్యారు. ఎన్నడూ పదవి ఎరుగని చిన్న కులాలకు దీనితో గుర్తింపు దక్కింది. అయితే సొంత నిధులు లేని సంస్థ ఎవరికి రుణమివ్వగలదన్న విమర్శ కూడా న్యాయమైనదే. 2024లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం ఆ సెప్టెంబరులో తొలి జాబితాగా 20 సంస్థల్లో 99 పదవులు భర్తీ చేసింది. అదే ఏడాది తెలంగాణ 35 కార్పొరేషన్లకు చైర్మన్లను నియమించింది. పదవుల ఒత్తిడి కార్పొరేషన్లను దాటి కూడా వెళ్లింది. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలికి సుమారు 50 మంది ప్రత్యేక ఆహ్వానితులను చేర్చగా, హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది.

వేతనాలు, కార్లు పత్రికల్లో ఎక్కువగా కనిపించినా, అసలు భారం అవి కావు. కార్పొరేషన్ పేరుతో తెచ్చి ప్రభుత్వ ఖజానా నుంచి తీర్చే అప్పుదే పెద్ద వాటా. తెలంగాణ 2016లో కాళేశ్వరం ప్రాజెక్టుకు ప్రత్యేక కార్పొరేషన్ పెట్టి రుణాలు సేకరించింది. 2023 డిసెంబరు 20 నాటి శ్వేతపత్రం ప్రకారం రాష్ట్ర మొత్తం అప్పు రూ.6,71,757 కోట్లు. అందులో బడ్జెట్ పరిధిలోనిది రూ.3,89,673 కోట్లే. మిగిలింది కార్పొరేషన్లు, ఇతర సంస్థల ద్వారా తెచ్చింది. అందులో రూ.1,27,208 కోట్లను ప్రభుత్వమే తీర్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఏర్పడ్డ రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ మద్యం పన్ను రాబడిని ఆధారంగా చూపి రుణాలు తెచ్చింది. కేంద్రం దానికి అభ్యంతరం చెప్పింది. బడ్జెట్ నుంచి తీర్చే కార్పొరేషన్ అప్పులను రాష్ట్రం సొంత అప్పుగానే పరిగణిస్తామని 2022లో అన్ని రాష్ట్రాలకూ తెలిపింది.

సంస్థ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపిన ఉదాహరణ కూడా ఉంది. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి చెందిన సుమారు 52 వేల మంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. జీతాల భారం ఖజానాకు మారింది, కార్పొరేషన్, దాని పాలకమండలి మాత్రం కొనసాగుతున్నాయి. ఇటువంటి విలీనానికి తెలంగాణ శాసనసభ 2023 ఆగస్టులో బిల్లు ఆమోదించింది.

ప్రభుత్వ కంపెనీ వార్షిక నివేదికను కాగ్ వ్యాఖ్యలతో సహా శాసనసభ ముందు ఉంచాలని కంపెనీల చట్టం నిర్దేశిస్తోంది. చాలా సంస్థలు ఖాతాలను సకాలంలో పూర్తి చేయడం లేదని కాగ్ నివేదికలు పదేపదే ఎత్తిచూపుతున్నాయి. ఆ ఖాతాలు సభకు చేరనంత కాలం ఏ సంస్థ ఎంత ఖర్చుతో ఏం సాధించిందో తేల్చడం సాధ్యం కాదు.