బస్తర్ బడిలో సముద్ర పాఠం: ఇంద్రావతి చూపే దారి

ఛత్తీస్‌గఢ్‌కు సముద్ర తీరం లేదు. అయినప్పటికీ బస్తర్‌లో కురిసిన వాన నీరు వాగులు, నదుల గుండా చివరకు బంగాళాఖాతానికే చేరుతుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే విద్యార్థులకు తీర, సముద్ర జీవావరణాలను బోధించడానికి ఈ ప్రవాహమే అనువైన ఆరంభం.

ఒడిశాలోని కలహండి జిల్లాలో పుట్టిన ఇంద్రావతి జగదల్‌పూర్ మీదుగా సాగి, చిత్రకోట్ వద్ద జలపాతమై దూకుతుంది. సుమారు 535 కిలోమీటర్లు ప్రవహించి, బీజాపూర్ జిల్లాలోని భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. సుక్మా వైపు నుంచి వచ్చే శబరి కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. గౌతమి పాయ ముఖద్వారం సమీపాన, కాకినాడ దగ్గర, కోరంగి మడ అడవులు విస్తరించి ఉన్నాయి.

నది మోసుకువచ్చే ఒండ్రే డెల్టా నేలకు, మడ చెట్లకు ఆధారం. రాలిన మడ ఆకులు కుళ్లి సూక్ష్మజీవులకు, వాటి ద్వారా రొయ్యలకు, పీతలకు, చేప పిల్లలకు ఆహారమవుతాయి. వేళ్ల నడుమ పెరిగిన చేపల్లో అనేకం తరువాత సముద్రానికి తరలుతాయి. తుపాను వేళ అలల ఉద్ధృతిని తగ్గించేదీ ఈ అడవులే. ఈ బంధం ఎదురు దిశలోనూ ఉంది. వరదల కాలంలో పులస గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాని ప్రయాణానికి అడ్డు.

గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు 1970వ దశకంతో పోలిస్తే 1990వ దశకం నాటికి సగానికి పైగా తగ్గింది. ఎగువ ఆనకట్టల వెనుక మన్ను నిలిచిపోవడం ఇందుకు ప్రధాన కారణం. ఒండ్రు అందని చోట అలలు తీరాన్ని కోసివేస్తాయి.

ఈ పాఠానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. వరద నీటిని గాజు సీసాలో ఒక రాత్రి కదపకుండా ఉంచితే అడుగున చేరిన ఒండ్రు కనిపిస్తుంది. మడ ఆకు, రొయ్య, చేప, కొంగ, జాలరి పాత్రలు ధరించిన పిల్లలు ఒకే తాడును బిగించి పట్టుకోవాలి. ఒకరు వదిలితే అందరి చేతుల్లోనూ తాడు సడలుతుంది. కోంటా, భోపాలపట్నం ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. అక్కడి పిల్లలకు ఒండ్రు, మడ, పులస వంటి మాటలను తెలుగులోనే పరిచయం చేయవచ్చు.

వాగులో పారేసిన ప్లాస్టిక్ సంచి ఎక్కడికి చేరుతుందన్నది పాఠం చివర అడగదగిన ప్రశ్న. పటంపై ఇంద్రావతి వెంట వేలు కదిపిన విద్యార్థి కోరంగి వద్ద సమాధానం కనుగొంటాడు.